అరువు కోటు

జెబెల్ అలీ కోల్డ్ స్టోరేజీల
నాది మైనస్ ఇరవై రెండు గది.
బయట నలభై ఒకటి.

షైనీ మేడం నార్వే పోతున్నదట,
రాత్రి ఆకాశంల ఆడే పచ్చ వెలుగు చూస్తందుకు.
వారానికోసం కొత్త కోటెందుకని నాది అడిగింది.
చేపల కంపు కొడ్తది మేడం అన్న.
నవ్వింది, తీస్కపోయింది.

పోశెట్టి కోటుతోనే ఇద్దరం వంతులేసుకున్నం.

తిరిగొచ్చింది.
కాలరుకు కట్టెల పొగ వాసన,
జేబుల చాక్లెట్ కాగితం.
"మూడు రాత్రులు మబ్బే.
నాలుగోనాడు కనవడ్డది గని
ఫోన్ల వడ్డంత పచ్చగ లేదు,
కంటికి బూడిద తీరు."

పోశెట్టి కోటును అటిటు తిప్పిండు:
"నీకంటె ముందు ఇదే చూసొచ్చిందిర."

రొయ్యల డబ్బాల నడుమ
జిప్పు మెడదాక గుంజుకున్న.
ట్యూబ్‌లైటు కింద నా ఊపిరి
తెల్లగ లేచి, వంకర తిరిగి—
జరసేపు
పని ఆపి చూసిన.