సప్పుడు

పిక్కని సెవికాడ ఆడిస్తే సెప్పేస్తాను
లోన పప్పు నిండుగున్నాదో, ఎండి ముడుసుకున్నాదో.
కాశీబుగ్గ బట్టీలో ఇరవైరెండేల్లు
నా సెవిని నమ్మే సావుకారు బస్తాకి రేటు కట్టినాడు.
నా నోట్లో సప్పుడు మాత్రం
నాకే ఇనబడలేదు.

తెల్లారి గుడాకు రాసుకున్నప్పుడల్లా
ఉమ్ములో సన్నగా ఓ ఎర్రసార.
గుడాకు రంగనుకున్నాను.
మాయమ్మా అలగే అనుకుంది,
నలభై నిండకముందే
ఒట్టి సిగుల్లతో అంబలి తాగడం నేర్సుకుంది.

నాకు కింద మూడు ఊడినాయి.
పుచ్చలేదు, ఇరగలేదు,
తడిమడిలో నారు తీసినట్టు
ఏలికి వొచ్చేసినాయి.

సీటీ ఎత్తిన డబ్బంతా సికాకులంలో పోసి
దవడలో రెండు మరలు బిగించుకున్నాను.
అప్పుడు కాగితం ముందెట్టుకుని డాక్టరమ్మ అడిగింది:
"ఇంతకుముందు చిగుళ్ళ జబ్బు ఉందా?"
లేదన్నాను.
అబద్ధం కాదు.
జబ్బంటే మంచాన పడాల కదా,
నానొక్క పూటా పని మానలేదు.

కొత్త పల్లుతో ఏపిన గుండుపప్పు కొరికినాను.
అది బద్దలైన సప్పుడికి
బట్టీలో గుంటలంతా తిరిగి సూసినారు.

మూడో ఏడు మరల సుట్టూ వాపు.
నొప్పి లేదు. కంపొకటే.
మనవడు ముద్దుకొచ్చి
మొకం తిప్పుకున్నాడు.

ఈసారి డాక్టరమ్మ సన్నకడ్డీ తిరగేసి
పన్ను మీద టిక్కు టిక్కుమని కొట్టింది,
తల వొంచి ఇంది.
ఆ వొంచడం నాకు తెల్సు.
ఆయమ్మ నోరు తెరవకముందే
నా బస్తా రేటు తెల్సిపోయింది.

ఫొటోలో మర సెక్కుసెదరలేదు,
తల్లగా నిలబడుంది.
దాని సుట్టూ బొమికే కరిగిపోతన్నాది.
"పళ్ళు పోయాయి గాని జబ్బు పోలేదమ్మా.
ముందే తెలిస్తే
చిగుళ్ళు బాగుచేశాకే మర వేసేదాన్ని,
మూడు నెలలకోసారి రమ్మని వెంటపడేదాన్ని."
నా కాడ పిక్కలు అమ్మినోలు కూడా
ఇలగే మెల్లిగా మాటాడేవోరు,
తప్పెవలదో తెల్సినా.

ఒక మర తీసేసినారు.
రెండోదాన్ని సూస్తన్నారు, నానూ సూస్తన్నాను,
రాత్రి దీపం ఆర్పేక నాలికతో తడిమి.

నిన్న కుళాయికాడ గున్నమ్మ ఉమ్మింది.
ఎర్రసార.
"రంగేలే పిన్నీ" అనేసి నవ్వింది,
పల్లన్నీ కనబడేలాగ.
ఏటి సెప్పాలో తెలక
ముందు దాని గుడాకు డబ్బా లాక్కున్నాను.