ఆగే బండి

బండి రావడం మానేసిందని ఎవరన్నారు?
వస్తూనే ఉంది.
రోజుకు రెండుసార్లు, వానలోనూ,
ముప్ఫై పెట్టెల నిండా తెల్లమట్టి పోసుకుని
గని నుంచి రేవుకి.
కార్న్‌వాల్‌లో ఈ మూల, లాన్‌వెరిన్ దగ్గర
దాని కూత కూడా పొదుపే.

పట్టాలు తుప్పు పట్టలేదు.
మట్టికి దారి ఉంది,
మనుషులకే లేదు.
అరవై ఏళ్ళ కిందట ఎవరో లెక్క కట్టారు,
టిక్కెట్టు కొనేవాళ్ళ కంటే
కప్పులూ సాసర్లూ అయ్యే మట్టే నయమని.

మంగళవారం లండన్ నుంచి ఉత్తరం వచ్చింది.
రొట్టెల కొట్టు అద్దానికి అంటించారు.
"ప్రయాణికుల బండ్లను పునరుద్ధరించుటకు
సూత్రప్రాయముగా ఆమోదించడమైనది."
సూత్రప్రాయం అంటే ఏమిటన్నాడు హెడ్లీ ట్రెగన్నా.
సూత్రం ఉందిట,
ముడి ఇంకా పడలేదుట.

లవ్‌డే పెన్‌హాలో మూడుసార్లు చదివింది.
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఆమెకు.
రెండు బస్సులు, మధ్యలో నలభై నిమిషాల చలి.
ఆ బస్టాపు బెంచీ మీదే
రెండు స్వెట్టర్లు అల్లింది,
ఒక మొగుణ్ణి వదిలెయ్యాలని తేల్చుకుంది.

కొడుకు పాస్కోకి ఏడేళ్ళు.
గేటు దగ్గర నిలబడి
ప్రతి పెట్టెకీ చెయ్యి ఊపుతాడు.
మట్టి ఎప్పుడూ తిరిగి ఊపలేదు.
గాలికి రేగి వాడి కనుబొమల మీద
ముగ్గుపిండిలా కాస్త రాలుతుంది, అంతే.

మీటింగులో ఎవరో సంతోషపడ్డారు,
ఇళ్ళ ధరలు పెరుగుతాయని.
అద్దెకుండేవాళ్ళు
అదే మాట విని టీ కప్పులు కింద పెట్టారు.

శనివారం పొద్దున్నే లవ్‌డే
పాత ప్లాట్‌ఫారం మీద అంగలు కొలిచింది.
మూడు పెట్టెల బండికి డెబ్భై కావాలట.
యాభై రెండు పడ్డాయి.
అక్కణ్ణుంచి ముళ్ళకంప,
నల్లగా పండిన బ్లాక్‌బెర్రీలు,
ఎవరూ ఎక్కని చోట
ఎక్కి కూర్చున్నవి.

ఏ రోజు వస్తుందమ్మా, అన్నాడు పాస్కో.
ఉత్తరంలో రోజు లేదు.
ఆమె తోలు గ్లవ్స్ తొడుక్కుంది,
కంపకొట్టే కత్తెర తీసింది.
కోసినవి కోసినట్టే తినకు, డబ్బాలో వెయ్యి.

పది దాటాక గూడ్సు వచ్చింది.
డ్రైవరు తల బయటపెట్టి చూశాడు,
మోచేతుల దాకా గీరుకుపోయిన ఆడమనిషిని,
ఊదారంగు మూతితో ఉన్న పిల్లాణ్ణి.
వాడు అలవాటు కొద్దీ చెయ్యెత్తాడు.

పద్దెనిమిది అంగల్లో
అప్పటికి నాలుగు తేలాయి.