నలభై తొమ్మిదీ నాలుగు వందలు

ఏటుకూరు రోడ్డులో మా గోడౌను.
లోపలికొచ్చినవాడు ఎవడైనా
ముందు తుమ్మాలి, తర్వాతే పేరు చెప్పాలి.

పదకొండేళ్ళుగా నా పని అంకెలు రాయడం.
ముచ్చికలు తీసిన కాయను గంపలకెత్తుకుని
ఆడవాళ్ళు వరసగా వస్తారు,
ఎర్ర అంకె వెలుగుతుంది, నేను రాస్తాను.
కేజీకి ఇంత అని కూలి.
ఆ ఇంతలోంచి కాటా ఎంత మింగుతుందో
నాకు తెలుసు.
వాళ్ళకీ తెలుసు.
నాకు తెలుసన్న సంగతి కూడా వాళ్ళకు తెలుసు.
ఘాటు లాంటిదే అదీ,
అలవాటైతే దగ్గు రాదు.

సువార్తమ్మది ఏటి అగ్రహారం.
ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.
ఇంటికెళ్ళి పిల్లకు పాలివ్వాల్సిన తల్లుల
మండే చేతులకు
తన టిఫిను గిన్నెలో మజ్జిగ ఒంపేసి
ఒట్టన్నం తినడం చూశాను చాలాసార్లు.
అది కూడా ఎక్కడా రాయలేదు నేను.

తేజ కాయ దిగిన రోజు.
పెద్దాసుపత్రిలో షుగరు చూపించుకుని
ఆలస్యంగా వచ్చింది.
సాయంత్రం తన వంతు రాగానే
గంప కింద పెట్టింది.
చెప్పులు విప్పింది.
ఒక్క గింజ కూడా తన లెక్కలో పడకూడదన్నట్టు
కొంగు దులుపుకుంది.
కాటా ఎక్కి నిలబడింది.

"రాయి, గుమస్తా."

కొందరు నవ్వారు. మేస్త్రీ కూడా.
అంకె కాసేపు ఊగి ఆగింది:
నలభై తొమ్మిదీ నాలుగు వందలు.

రవికలోంచి చీటీ తీసింది,
చెమటకు మెత్తబడ్డ ఆసుపత్రి చీటీ.
"పొద్దున అక్కడ యాభై రెండు.
మధ్యాన్నం అన్నం కూడా తిన్నా.
రెండున్నర కేజీల నన్ను
ఏ దేశం పంపారయ్యా?"

గొంతు పెంచలేదు.
రండని ఎవరినీ పిలవలేదు.
దిగి, చెప్పులేసుకుని,
గంప పక్కన గొంతుక్కూర్చుంది.
గంప మాత్రం ఎత్తలేదు.

ఓడెక్కాల్సిన టిక్కీల మీద
రంగు అక్షరాలు ఆరుతున్నాయి.
బయట ఆటో ఏదో ఆగకుండా హారన్ కొడుతోంది.

ముందు ఖాశింబీ లేచింది, మోకాళ్ళు పట్టుకుని.
"నా బరువెంతో నాకు తెలవదు.
అయినా ఎక్కుతా."
తర్వాత ఆదెమ్మ.
తర్వాత ఏడోనెల రాజ్యం:
"ఇద్దరం ఉన్నాం. ఇద్దర్నీ తగ్గిస్తదేమో చూడన్నా."
ముప్పై ఒక్క మంది.
ఆ రోజు నా పుస్తకంలో మిరపకాయ లేదు,
పేజీ నిండా మనుషులే.

సేటు కరెంటు లోపమన్నాడు.
మర్నాడు సువార్తమ్మను గేటు దగ్గరే ఆపారు.
వాదించలేదు.
"నా పీట ఖాశింబీకియ్యండి,
దాని మోకాళ్ళకు కింద కూర్చోవడం పడదు" అంది.
వెళ్ళిపోయింది.

లోపల ముప్పై మంది
పీటల మీద ఊరికే కూర్చున్నారు ఎనిమిది రోజులు.
తొమ్మిదో రోజు కొత్త కాటా వచ్చింది.
ఆవిడ రాలేదు.
నల్లపాడు వైపు ఏదో కోల్డ్ స్టోరేజీలో
ముచ్చికలు తీస్తోందని విన్నాను.
అక్కడి కాటా సంగతి అడగడానికి
నాకు మొహం చెల్లలేదు.

ఇప్పుడు రోజూ మొదటి గంప కన్నా ముందు
ఎవరో ఒకరు చెప్పులు విప్పుతారు.
"ఇయ్యాల ఎవరి వంతే?"
గోడకు మేకు, మేకుకు ఆసుపత్రి చీటీలు.
అంకె నేను పైకి చదవాలి,
అది వాళ్ళు పెట్టిన షరతు.

మొన్న రాజ్యం పిల్లను చూపించడానికి వచ్చి
గేటు దగ్గరున్న కాటా మీద
బిడ్డతోనే ఎక్కింది.
చదవబోయాను.
గొంతు పట్టేసింది.
ఘాటు, అన్నాను.
ఒక్కరూ నమ్మలేదు.