ఉండవచ్చు

తెల్లవారుజామున నాలుగూ నలభైకి
స్టోరు వెనకగదిలో ప్రింటరు దగ్గింది.
ఒక్క కాగితం.
ఏ కంపెనీ సలాడో, ఏ లాటు నంబరో,
చివర్న, నోటీసులన్నీ మాట్లాడే భాషలో
ఆకుకు అందకుండా పోకకు పొందకుండా
ఒక్క మాట:
లిస్టీరియా ఉండవచ్చు.

ఉందనలేదు. లేదనలేదు.
ఉండటమూ రావటమూ ఒకే గుమ్మంలో
భుజాలు ఇరుక్కుని నిలబడ్డట్టు, ఉండవచ్చు.

బయట థండర్ బేలో మైనస్ ఇరవై ఆరు.
సరస్సు మీద మంచు రాత్రంతా పళ్లు నూరుతోంది.
"అన్నీ తియ్యి, రేయో. లెక్క తప్పకు,"
ఫోన్లో మేనేజరు గ్వెన్, నిద్ర గొంతుతో.

నాకు తెలిసిన చలి మంచిది.
మా నాన్న దుప్పి మాంసాన్ని షెడ్డులో వేలాడదీసి
చలి చేతికి తాళంచెవి ఇచ్చి పడుకునేవాడు.
ఈ పురుగు వేరట.
ఫ్రిజ్‌లో దీపం ఆరిపోయాక
చలిలోనే, నింపాదిగా, సంసారం పెంచుకుంటుందట.

సంచుల మీద అచ్చేసి ఉంది: మూడుసార్లు కడిగినది.
నిజమే, కడిగిన ముత్యాల్లానే ఉన్నాయి.
ఎక్కడో ఎడారి అంచున, నుదుటికి దీపం కట్టుకుని
వంగి వీటిని కోసిన మనిషి
ఈపాటికి ఇంకో వరసలో వంగి ఉంటుంది.
ఆమె పేరు ఎక్కడా లేదు.
తొమ్మిది అంకెల్లో ఒక పొలం, ఒక కాలవ, ఒక పొద్దు.

ఒక్కో సంచినీ కత్తితో చీల్చి
డబ్బాలోకి ఒంపి పైన బ్లీచ్ పోయాలి.
లేకపోతే వెనక సందులో మూత ఎత్తి చూసే
లెన్నర్డ్ పట్టుకుపోతాడు.
నిన్నటి దాకా అతనికి అందేలా రొట్టెలు పైన పెట్టేవాణ్ణి.
ఇవాళ పచ్చటి ఆకుల మీద విషం పోస్తున్నాను
అతను బతకాలని.

నిన్న మధ్యాహ్నం అరలోకెక్కినవి డెబ్బై రెండు.
చీల్చినవి డెబ్బై ఒకటి.
మళ్లీ లెక్కపెట్టాను. ఖాళీ సంచుల్ని కాళ్లతో విడదీసి మరీ.

ఆ ఒక్కటీ ఎవరిదో నాకు తెలుసు.
మంగళవారం. ఎర్ర ఊలు టోపీ. చేతినిండా చిల్లర.
ఐలి కొస్కెలా, ఎనభై మూడేళ్లు.
"నా కుందేలుకి" అంటుంది,
ఎవరూ అడక్కుండానే, ప్రతిసారీ.

షిఫ్టు దిగి నేరుగా వాళ్లింటికే వెళ్లాను.
మూడో అంతస్తు. గుమ్మంలో బూట్లు విప్పాను.
కుందేలు వచ్చి నా మేజోడు వాసన చూసింది.
బల్ల మీద సంచి ఖాళీగా ఉంది,
కడిగి, ఆరబెట్టి, మడతపెట్టి.

"మొత్తం అదే తిందా?"
ఆవిడ కాఫీ పోసింది. పంచదార వేసింది. చాలాసేపు కలిపింది.
"కుందేలు ఒక్కపూటలో అంత తినగలదా, అబ్బాయీ?"
నాకు యాభై ఏడు.

ఆయన నవ్వేవాడట, గడ్డి మేసే ఆడదని.
మాంసమూ బంగాళాదుంపా తప్ప తిండి కాదాయనకి.
పోయి పన్నెండేళ్లు.
ఆ నవ్వు ఇంకా ఈ ఇంట్లో ఉండవచ్చు.

కాగితం ఇచ్చాను. కళ్లజోడు వెతుక్కుని రెండుసార్లు చదివింది.
"డెబ్బై రోజుల దాకా కనిపెట్టుకోవాలట.
జ్వరమొస్తే వెంటనే డాక్టరుకి..."
"ఈ వయసులో నాకు డెబ్బై రోజులు
ఎవడు అప్పిస్తాడు?" అంది,
అంటూనే పర్సు తీసి రశీదు నా ముందు పెట్టింది.
మూడు డాలర్ల తొంభై తొమ్మిది సెంట్లు.
వాపసు నా జేబులోంచే ఇచ్చాను. ఒక సెంటు ఎక్కువే.

తర్వాత మంగళవారం
పాల డబ్బాలు సర్దుతూ తలుపువైపే చూశాను.
ఆ తర్వాత మంగళవారం తుఫాను, బస్సుల్లేవు,
తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉత్త గాలి.
ఫోన్ చెయ్యొచ్చు. ఏమని?

మూడో మంగళవారం, పదకొండు దాటాక
గాజు తలుపు రెండుగా విడిపోయింది.
ముందు టోపీ, వెనక మంచు, ఆ వెనక ఆవిడ గొణుగుడు.

వచ్చింది.
క్యాబేజీ ధర అడిగి, ఎక్కువంది.
ఇంకా నలభై తొమ్మిది రోజులు.