మేక గిట్టల కుర్సీ

ఫోన్ల ఫోటో చూపిచ్చింది సిస్టర్ ఓదెమ్మ.
పరకాల దిక్కు ఏదో కూలిన గడిల
పేము సగం తెగి, ఒక చెయ్యి విరిగి
గోడకు ఆనిచ్చిన కుర్సీ.
"గిట్లనే కావాలె ఆచారీ.
టేకుల చెయ్యి. మేకు కొట్టకు.
ఇగో, బయానా."

వేళ్లతోటి ఫోటో పెద్దగ చేసిన.
చెయ్యి కొసకు చుట్టుకున్న తీగ,
తీగ కింద ఏడాకుల పువ్వు,
ఏడో ఆకు సగంలనే ఆగిపోయింది.
ఆ సగం ఆకు నాకెరుకే.
మా ఇంటి దర్వాజ మీద రోజూ చూస్త.
తాత కనకాచారి ఏడో ఆకు
ఎన్నడూ పూర్తి చెయ్యలే.
ఎందుకంటే చెప్పకపోయేటోడు,
ఉలి నూరుకునేటోడు.

ఆ కుర్సీకి కూలి ముట్టలే.
వెట్టికి లెక్క ఎవలు రాస్తరు?
నాయనమ్మ రాసింది, పొయ్యి ఎనుక గోడకు, బొగ్గుతోటి:
అమాసకు అమాసకు ఒక గీత,
అమాస నాడే గద ఉలి దింపి ఇంటికొచ్చేది.
పదకొండు గీతలు.

దొర ఒళ్లు ముట్టరాదు, మరి కొలత?
పొద్దు పొడిచినంక వాకిట్ల దొర నిలబడితె
నేల మీద పడ్డ నీడను
తాటినారతోటి కొలిచిండట.
పొద్దటి నీడ పొడుగు.
అందుకేనేమో ఆ కుర్సీ అంతెత్తు.

తయారైనంక ఎవలన్న కూసోని చూడాలె,
కుసి బెజ్జంల కదులుతదా, కిర్రుమంటదా.
చేసినోనికి కూసునే అక్కు లేదు.
జొన్నల బస్తా ఎక్కిచ్చి చూసిండు తాత.
బస్తా దించి, తువ్వాలతోటి తుడిచి
పక్కకు జరిగి నిలబడ్డడు.

గిర్మాజీపేటల కూలగొట్టిన ఇంటి దూలం కొన్న.
పైన మసి.
చిత్రిక పడితె లోపల తేనె రంగు చేవ,
ఎన్నేండ్ల కిందటిదో, ఇంక వాసన పోలే.

ఓదెమ్మను స్టూలు మీద కూసోబెట్టి టేపు పట్టిన.
మోకాలి మడత నుంచి మడిమె దాకా
పదిహేనంగుళాలు.
"అక్కా, ఫోటోల కుర్సీకి నీ కాళ్లు
ఆరంగుళాలు గాలిల ఊగుతయి."
"కుర్సీని కొయ్యి మరి, నన్ను కోస్తవా?"
పెద్దదవాఖానల ముప్పై నాలుగేండ్లు
నిలబడ్డ కాళ్లవి.
పిక్కల మీద నీలం నరాలు మెలికలు తిరిగినయి.
తీగను ఎటు మలపాలెనో
అప్పుడు తెలిసింది నాకు.

"ఇంకోటి. ఈ సింహం పంజాలు నాకెందుకు?
మా అయ్య గొర్లు మేకలు కాసినోడు.
మేక గిట్టలు పెట్టరాదూ?"

తాత గీసిన బొమ్మల కట్టల
ఏనుగున్నది, హంస ఉన్నది, యాళి ఉన్నది.
మేక లేదు.
ఆదివారం అంగడికి పోయి
మేకల నడుమ గొంతుక్కూసున్న.
"అందరు పండ్లు చూస్తరు,
నువ్వేంది, కాళ్లు చూస్తున్నవ్?"
అమ్మెటోడు అనుమానపడ్డడు.
గిట్ట నడుమ చీలిక సన్నగ మొదలై
నేలకాడ విచ్చుకుంటది.
గంత చెక్కేతందుకు నాలుగు రోజులు,
రెండు చెక్కలు ఖరాబు.

ఆఖరి రాత్రి షట్టరు సగం దించి
నేను కూసున్న.
నాకు పొట్టి.
మోకాళ్లు గదువకు తగిలినయి.
గట్లనే కూసున్న, పొట్టు దులుపుకోకుండ,
కరెంటు పొయ్యి వచ్చేదాక.
కిర్రుమనలే.

తెల్లారి ఓదెమ్మ వచ్చింది, ట్రాలీ ఆటోతోటి.
మిగిలిన పైసలు చేతిల పెట్టి
"లెక్క పెట్టుకో" అన్నది. పెట్టుకున్న.
చెప్పులిడిచి కూసున్నది.
రెండు పాదాలూ నేలకు ఆనినయి.
వేలుతోటి పువ్వు తడుముకుంట
"ఈ ఆకేంది, సగమే..." అని
మాట మధ్యలనే తల వాల్చింది.
గురక.

బయట ఆటో పిల్లగాడు హారన్ కొడుతున్నడు.
ఉరికిపోయి వాని చెయ్యి పట్టిన.
ఆగు బిడ్డా, ఆగినంత సేపటి కిరాయి
నా లెక్కల రాసుకో.