సగం దిర్హం

షార్జా ఖోర్ ఒడ్డున, మ్యూజియంల, రాత్రి పదకొండు దాటినంక
నాకు రెండు గుడ్డలిస్తరు.
పసుపుది గచ్చుకు, తెల్లది అద్దాలకు.
కలిపితే జీతంల కోత.

ఈ నెల కొత్త పెట్టెలొచ్చినయి.
ఐర్లండట. ఎప్పుడూ వాన పడే దేశమట.
పడవలేసుకొని వచ్చిన వైకింగులు
దోచింది కొంత, అమ్మింది కొంత,
మట్టిల పాతిపెట్టి మళ్ల రానిది కొంత.

మూడో అద్దం కాడ నా చెయ్యి ఆగింది.

అరచేతంత పిన్ను.
కప్పుకున్న దుప్పటి జారకుండ భుజం మీద పెట్టుకునేదట.
అందరికీ అది బంగారం.
నాకు తీగ.
రెండు పోగులు కుడికి మెలేసి, రెండు పోగులు ఎడమకు మెలేసి
పక్కపక్కన పరిస్తే జడ అల్లినట్టు కనబడుతది.
కరీంనగర్ల మా మేనమామ లక్ష్మీరాజం
పట్టుకారుతోని వేళ్ల మీద కొట్టి నేర్పిన పని ఇది.
కమ్మచ్చు బెజ్జాలకెల్లి వెండిని గుంజి గుంజి
వెంట్రుకంత చేసేదాక మాట్లాడనిచ్చేటోడు కాదు,
ఊపిరికి తీగ కదులుతదని.

గుడ్డ జేబుల పెట్టి మోకాళ్ల మీద కూసున్న.
వాడెవడో, పన్నెండు వందల ఏండ్ల కింద,
చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే
కుంపటి ముంగట వంగి, గొట్టంతోని ఊది ఊది
అతికించిండు.
ఎడమ అంచుకు, పాము తల వెనక,
పూసల వరుసల ఒక పూస కొంచెం పెద్దది.
పట్టకపోతే పక్కదాన్ని జరిపి ఇరికించిండు.
పెట్టుకున్నోడు చూడలే. దోచినోడు చూడలే.
దీంతోని విమానంల వచ్చిన ఓర్లా మేడమ్,
మెడల భూతద్దం వేసుకొని తిరిగే ఆమె,
చూసిందో లేదో తెల్వదు.
నేను చెప్పలే.
అది మా ఇద్దరి మధ్య సంగతి.

పక్క పెట్టెల ఇనుప గొలుసు. మెడకు వేసేది.
మనుషుల్ని అమ్మిన కాలందట.
దాని అద్దం జల్ది జల్ది తుడుస్త.
వంగినప్పుడల్లా నా గుర్తింపు కార్డు
అద్దానికి టక్కున తగులుతది.

అది దాటితే వెండి ముక్కలు, ఒక కుప్ప.
సగం కడియం, పిన్ను తోక, నరికిన కడ్డీ.
చేసినోడి చెయ్యి ఎవనికి గావాలె? తూకమే లెక్క.
అసలుదా కాదా అని కత్తి మొనతోని పొడిచిన గాట్లు.
ఈ గాట్లు నాకు ఎరుకే.
వీసా పైసల కోసం, టవర్ సర్కిల్ కాడి దుకాణంల
మామ అల్లిన నెమలి పన్నీరుబుడ్డి పెట్టిన.
ఎనిమిది నెలల పని, ఒక కన్ను మసకబారిన పని.
సేటు దాని మెడ విరిచి గీటురాయి మీద గీసిండు.
తోక ఈకలు తక్కెడల పట్టకపోతే మడిచిండు,
పాత కాయితం మడిచినట్టు.
"తరుగు తీసేస్తున్న" అన్నడు.
తరుగు!

టార్చి పట్టుకొని ఇద్రీస్ వచ్చిండు, సూడాన్ గార్డు.
ముక్కల నడుమ అరబ్బీ అక్షరాల నాణెం ఒకటి, సగానికి నరికింది.
జీతం చిట్టి మీద ఉండే మాటే, దిర్హం.
"ఇది ఈ దిక్కుది కదా, ఆ వానల్లకు ఎట్ల పోయింది?"
"నువ్వెట్లొచ్చినవ్?" అన్నడు వచ్చీరాని హిందీల.
తర్వాత నవ్వు ఆపి, వెలుగు దగ్గర పెట్టి
తడుముకుంట చదివిండు:
అల్లా పేరుతో... ఈ దిర్హం కొట్టబడింది...
"యాడ?"
వాడు చాలాసేపు చూసిండు.
"ఊరి పేరు తెగిపోయిన సగంల ఉంది."

నాలుగున్నరకు సజ్జా క్యాంపు బస్సు.
ఏసీ గాలి ఎముకల్లకు పోతది, ఆపమంటే ఆపడు.
చెడిపోయిన చార్జర్ వైరు పండ్లతోని చీరి
రాగి పోగులు తీసిన. రెండు కుడికి. రెండు ఎడమకు.
చూపుడువేలు మరువలే, బొటనవేలే కొంచెం తడబడ్డది.
పక్క సీట్ల నేపాలీ పిలగాడు, దీర్ఘరాజ్,
నిద్ర కండ్లతోని అడిగిండు, ఇది దేనికని.

"దుప్పటి జారకుండ" అని చెప్పిన.