ప్రింటుకు రానిది

ఖుద్రత్ సాబ్ రిటైరైన తెల్లారి
ఆయన ఫైలు నా సిస్టంల తెరుచుకున్నది.
రెండు వందల పద్నాలుగు లేయర్లు.
"అయిదు కొట్టేవరకు ముప్పై చెయ్యాలె,
రేపు సబ్మిషన్" అన్నడు పురందర్ సార్.
బషీర్‌బాగ్, రెండో అంతస్తు, కింద జిరాక్సు షాపు.
ఫ్యాను మూడు దాటి తిరగదు.

తెలిసిన పనే.
దబీర్‌పురా దిక్కు ఒక గల్లీని రోడ్డు చేసుడు.
ఉన్న గోడ తెల్లగీత,
రాబోయే రోడ్డు ఆకుపచ్చ,
పడిపోయేదానికి ఎర్రటి అడ్డగీతలు.
కరెంటు తీగ చుక్కా గీతా, చుక్కా గీతా.
ఒక్కో లేయర్ పక్కన చిన్న బల్బు:
నొక్కితే ఇండ్లు ఆరిపోతయి
మళ్ల నొక్కితే వెలుగుతయి.
ఇరవై రెండేండ్ల సంది
ఇండ్లు ఆర్పుడు నా వేలికి అలవాటే.

మసాబ్ ట్యాంక్ పాలిటెక్నిక్‌ల మేం చదివేటప్పుడు
లేయర్ అంటే బటర్ పేపరు.
గోడల షీటు మీద తలుపుల షీటు
దాని మీద నీళ్ల పైపుల షీటు
నాలుగు మూలలకు పిన్నులు.
తప్పు పడితే బ్లేడుతోని గీకేటోళ్లం.
ఇంకు పోయేది, కాగితం మీద గరుకు ఉండిపోయేది.
వేలు పెడితే తెలిసేది
ఇక్కడ ఏదో ఉండెనని.

ఇప్పుడు పర్జ్ అని కొడితే చాలు.
టెంప్ పోయింది, టెంప్-రెండు పోయింది,
"సార్ అడిగిన మార్పు" పోయింది
"సార్ వద్దన్న మార్పు" పోయింది.
నాకు నవ్వొచ్చింది.
ఒక్కటి మాత్రం పోనన్నది.
పేరు: చిల్లర్.
ఫ్రీజ్‌ల ఉన్నది. మే నెలల మంచు గుర్తు.
ప్రింటరు బొమ్మ మీద ఎర్రని కొట్టివేత.

కరగదీసిన.

తెర మీదికి ఒక్కొక్కటే తేలినయ్.
ఒక గడప ముందు అరుగు, తొమ్మిదించులు బయటికి.
లక్క గాజుల కొలిమి, రెండడుగుల సున్న.
మోసంబి బండి, మూడున్నర బై ఆరు,
ఒక చక్రం కింద ఇటుక.
ఇటుకను కూడా కొలిచి గీసిండు ముసలాయన.
నీళ్ల కుండ, దానికి గొలుసు, గొలుసుకు గ్లాసు.
వేపచెట్టు కాదు, చెట్టు సర్వే లేయర్ల ఉన్నది,
దాని నీడ,
పొద్దుగాల పదిన్నరకు ఎంత పడుతదో అంత.
ఇంకొక చుక్క.
ధూళి అనుకొని జూమ్ చేస్తే
పండుకున్న కుక్క.

అన్నీ ఎర్ర అడ్డగీతల లోపటనే.

ముందు అరుగును తుడుద్దామని నొక్కిన.
అరుగుతోని బండి లేచింది
బండితోని కుండ
కుండ వెంట కొలిమి
నీడ కుక్కను లాక్కొని వచ్చింది.
తీగ లాగితే డొంకంతా కదిలింది.
గ్రూపు కట్టిపెట్టిండు.
గ్రూపు వివరం రాసే డబ్బాల
ఎవరూ ఏమీ రాయరు. ఆయన రాసిండు:
"సర్వేకు పోయినప్పుడు చాయ్ పోసినోళ్లు."

నాలుగు నలభై.
గ్రూపు విప్పడానికి ఒక్క కమాండు.
విప్పినంక ఒక్కొక్కటి ఏరి తుడవడానికి
రెండు నిమిషాలు కూడా పట్టదు.
కింద జిరాక్సు మిషను
ఎవరిదో ఆధార్ కార్డును మింగి కక్కుతున్నది.

లేయర్ తీసేసిన. ఆర్డరు ఆర్డరే.
లోపలున్నదాన్ని ఉన్నట్టే ఎత్తి
సున్నా లేయర్ల పెట్టిన.
సున్నాను ఎవరూ తుడవలేరు
ఈ సాఫ్ట్‌వేర్ల నాకు నచ్చిన ఒకే ఒక్క ధర్మం అది.
రంగు బూడిద. గీత మందం సున్నా.

ప్లాటర్ మూలిగింది. షీటు ఇంత ఇంత దిగింది.
"ముప్పైయేనా?" అన్నడు సార్, ఫోన్ చూసుకుంటనే.
"ముప్పై సార్."
రోడ్డు ఆగదు. అది నాకు తెల్వనిది కాదు.
అయినా చుట్టే ముందు
షీటును ట్యూబులైటుకు అడ్డంగా పట్టిన.
ఎర్రగీతల సందుల, వెంట్రుక కన్న సన్నంగ,
లేవకుండ పండుకొనే ఉన్నది కుక్క.

వేలు పెట్టి చూసిన.
గరుకేం లేదు.
ఇంకు పూర్తిగా ఆరలేదేమో
వేలికి రవ్వంత బూడిద అంటింది.